గుండ్రటి అక్షరాల పొట్లాలు

పోయిన వారం మా మనవరాలు సెలవులకు ఇంటికి వచ్చింది. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్న పిల్ల, అన్నం ముందు కూర్చుని ఒక చేత్తో ఫోను చూసుకుంటూ, ఇంకో చేత్తో సంచిలోంచి మాత్రల అట్ట తీసి రెండు మాత్రలు పటుక్కున వొత్తి నోట్లో వేసుకుంది. ఎందుకే అని అడిగితే తలనొప్పి అంది. ఏ డాక్టరు రాసిచ్చాడే అంటే డాక్టరెందుకు, ఫోనులో చూసుకుని తనే కొనుక్కున్నానంది. ఎన్నాళ్ల నుంచి వస్తోందంటే ఏడాదయిందట. మీ అమ్మకు తెలుసా అంటే నా వైపు చూసి నవ్వి, మళ్లీ ఫోనులోకి తల దించింది. ఆ నవ్వు చూసేసరికి అరవై ఏళ్లకు పైగా లోపల పడివున్న నా కుళ్లు మళ్లీ లేచి కూర్చుంది.

కుళ్లు అనే రాస్తున్నాను. అసూయ అని రాయొచ్చు గాని, ఆ మాట నేర్చుకునేసరికి నాకు ముప్పై దాటాయి. నాకు తెలిసినంతవరకు అది కడుపులో పుట్టినప్పుడు దాని పేరు కుళ్లే. నా ఈడువాళ్లు, మొగుళ్లు పై చదువులకు పోతే ఇంట్లో కూర్చుని ఉత్తరాల కోసం ఎదురుచూసినవాళ్లు, నేను చెప్పేది వింటే తప్పు పట్టరనే అనుకుంటున్నాను.

మాది జమ్మలమడుగు. మా నాయన అక్కడ చిల్లర అంగడి పెట్టుకుని బతికినవాడు. మా అన్నలిద్దరినీ బడికి పంపారు, నన్ను మిద్దె మీద వడియాలకు కాపలా పెట్టారు. కాకుల్ని తోలడంలో నాకు మంచి పేరుండేది గాని అక్షరం ముక్క రాదు. పదహారో ఏట ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉన్న ఇంటికి కోడలిగా వచ్చాను. ఆయన అప్పటికే బి.ఏ. చదివినాడు. పెళ్లయిన మరుసటేడు, అంటే కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు పోయి హైదరాబాదు రాజధానిగా వచ్చిన కొత్తల్లో, తిరుపతిలో ఎం.ఏ. చదవడానికి పోయినాడు. అంగడి చూసుకోవాల్సిన కొడుకు ఇంకా చదువేందని బంధువులు మూతులు తిప్పారు గాని, మా మామకు మాత్రం కొడుకు పేరు పక్కన ఆ రెండు అక్షరాలు చూసుకోవాలని శానా ఆశ ఉండేది.

ఆయన దగ్గర నుంచి నెలకు రెండు ఉత్తరాలు వచ్చేవి. మా మామ ఇంటి ముందరి పడసాలలో కూర్చుని పైకి చదివేవాడు. తండ్రికి నమస్కారాలు, తల్లికి నమస్కారాలు, అంగడి సంగతి, వానల సంగతి, చివర్లో ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తానని ఒక మాట. ఆ 'అందరూ'లో నేనున్నాను. వంటింటి గడప దగ్గర నిలబడి ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకునేదాన్ని. అది కూడా కొన్ని ఉత్తరాల్లో రాసేది మరిచిపోయేవాడు.

సెలవులకు వచ్చినప్పుడు ఆయన ట్రంకుపెట్టెలో పుస్తకాలు, రెండు జతల బట్టలు, ఒక పాత బిస్కెట్టు డబ్బా ఉండేవి. ఆ డబ్బాలో మాత్రల పొట్లాలు. అప్పట్లో తిరుపతిలో చదివే పిల్లకాయలు నలుగురైదుగురు కలిసి గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లు. జ్వరం వచ్చినా, కడుపు చెడినా డాక్టరు దగ్గరికి పోయేది లేదు. పోతే ఇంటికి తెలుస్తుంది, తెలిస్తే చదువు చాలు వచ్చెయ్ అంటారు. అందుకని సెలవులకు ఊళ్లకు పోయిన ప్రతివాడూ తిరిగి వచ్చేటప్పుడు ఇంట్లో మిగిలిన మాత్రలో, కాంపౌండరు మామను అడిగి తెచ్చుకున్న మాత్రలో పట్టుకొచ్చి ఒకచోట పోసేవాళ్లు. వాళ్లలో ఒకడు వాటిని వేరుచేసి పొట్లాలు కట్టి, ఏది దేనికో, ఎన్ని మింగాలో పైన రాసి, ఊరికి పోయేటప్పుడు తలా కొన్ని పంచేవాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు నాకు కనిపించింది పొట్లాల మీది రాత ఒక్కటే.

చదువు రానివాళ్లకు రాత కనపడదనుకుంటారు. కనపడుతుంది. ఆయన రాత నేను గుర్తుపట్టేదాన్ని, సిరాలో పడ్డ చీమలు లేచి పరుగెత్తినట్టు ఉండేది. పొట్లాల మీద రాత అది కాదు. గుండ్రంగా, మినప్పిండితో ఒకే కొలతలో వత్తిన ఉద్దివడల్లా వరసగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉండేది. అంత ఓపికగా, అంత ఇష్టంగా రాసిన చెయ్యి ఆడచెయ్యి కాక మరేమవుతుంది? పైగా మాత్రలు అయిపోయినా ఆయన ఆ కాగితాలు పారెయ్యడు. మోకాలి మీద పెట్టి అరచేత్తో ముడతలు సాపుచేసి, మళ్లీ డబ్బాలోనే దాచేవాడు. నా తలలోంచి పడిన పువ్వు పక్క మీద ఉంటే చీపురుకు తోసే మనిషి, ఆ కాగితాలు దాచేవాడు. ఆయన క్లాసులో ఇద్దరు ఆడపిల్లలు కూడా చదువుతున్నారని మా మామ ఎవరితోనో గొప్పగా చెప్తుండగా అంతకుముందే విన్నాను.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఏమిటివి, ఎందుకు మింగుతున్నారని. ఆయన తల ఎత్తకుండానే, "నీకెందుకులే. ఇవి సదువుకునేవాళ్లకు వచ్చే నొప్పులు" అన్నాడు. నొప్పి కూడా నాకు రానిదే అయిందన్నమాట. ఆ పూటంతా సంగటి కెలుకుతూ ఆ తెడ్డుతో ఎవరెవరిని కొట్టానో నాకే తెలుసు.

మా అత్త మంచిదే గాని ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. నేను ఆ డబ్బా వైపు చూడటం ఆమె కనిపెట్టింది.

"ఏమ్మే, ఆ డబ్బా పక్క అట్లా చూస్తాండావు? దాంట్లో నీ సవతేమన్నా దూరుకోని ఉండాదా ఏంది?"

నవ్వులాటకే అంది. పక్కింటి ఆమె కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం కంట్లో పడ్డ నలుసు మాదిరి అక్కడే ఉండిపోయింది.

రెండో ఏడు ఆఖరి పరీక్షలకు ముందు, ఇంట్లో అయితే ప్రశాంతంగా చదువుకోవచ్చని ఒక వారం వచ్చాడు. వెళ్లాల్సిన రోజు అన్నం తిని, మధ్యాహ్నం బస్సుకు ఎర్రగుంట్ల పోయి, అక్కడ రైలెక్కాలి. పొద్దున ఆయన పెరట్లో నీళ్లు పోసుకుంటుంటే నేను ట్రంకుపెట్టె సర్దే నెపంతో డబ్బా మూత తీశాను. మూడు పొట్లాలు ఉన్నాయి. పైన రాసింది ఎలాగూ నాకు తెలియదు. లోపల ఇంకో కాగితమేదైనా మడిచి పెట్టిందేమో, పువ్వో వెంట్రుకో ఉందేమో చూడాలని మూడింటినీ విప్పి మాత్రలు చాటలో పోశాను. ఏమీ లేదు. కాగితాలను వెలుతురుకు పెట్టి చూశాను, వాసన కూడా చూశాను. మందు వాసనే.

అంతలో పెరట్లో చెంబు బోర్లించిన చప్పుడయింది. చాటలో చూస్తే అన్నీ ఒకే తెలుపు, ఒకే గుండ్రం. ఏవి ఏ కాగితంలోవో నాకు తెలిసే దారి లేదు. గబగబా మూడు భాగాలు చేసి మూడు కాగితాల్లో చుట్టి డబ్బాలో పడేశాను. కంగారులో జరిగిందని ఇప్పుడు చెప్పుకోవచ్చు గాని, అది సగమే నిజం. మాత్రలన్నీ ఒకటే, ఏది మింగితే ఏమైతుందిలే అనుకున్న తెలివితక్కువతనం కొంత. తక్కినది, ఆమె రాసిన రాత ఒక్కసారైనా తప్పు కావాలి, ఆయన ముందర ఆమె మాట అబద్ధం కావాలి అన్న కుళ్లు. లోపల ఒక సంతోషం కూడా ఉండింది. అది మాత్రం నేను మర్చిపోలేదు.

ఆయన వచ్చి తల తుడుచుకుంటూ కణతలు నొక్కుకున్నాడు. ఒక పొట్లం విప్పి, పైన చదివి, రెండు మింగాడు. గంట గడిచినా తగ్గలేదేమో ఇంకో రెండు మింగి, ఆ పొట్లం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అన్నానికి కూర్చున్నప్పుడు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

"ఏందప్పా, తింటా తింటానే తూగుతాండావు?" అంది మా అత్త నవ్వుతూ.

ఆయన ఏదో చెప్పబోయి పక్కకు ఒరిగిపోయాడు. పిలిస్తే పలకలేదు. నీళ్లు చల్లితే రెప్ప కదిలింది గాని తెరుచుకోలేదు. మా అత్త కేకలకు వీధి వీధంతా వచ్చింది. అంగట్లోంచి మా మామ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. మా ఇంటికి వచ్చే డాక్టరు ఊళ్లో లేడు. జమ్మలమడుగు మిషను ఆసుపత్రికి పోదామని నలుగురూ అన్నారు. ఆ రోజుల్లో మా సీమలో ప్రాణం మీదికి వస్తే అందరి నోటా వచ్చే మాట అదే. ఆయన కోసం ఎర్రగుంట్ల స్టేషనులో స్నేహితుడొకడు కాచుకుని ఉంటాడని మా మామకు గుర్తొచ్చి, బస్సు కండక్టరుకు చెప్పి కబురు పంపాడు. ఎవరిదో కారు వచ్చింది. నన్ను ఎవరూ ఎక్కమనలేదు. డబ్బా చంకలో పెట్టుకుని ఎక్కాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన కంటిరెప్పలు ఎత్తి చూసి, ఏం మింగాడని అడిగింది. మా మామ చొక్కా జేబులోంచి పొట్లం తీసి పైన రాసింది చదివాడు. తలనొప్పికి, రెండు, తగ్గకుంటే మరి రెండు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. నాలుగు తలనొప్పి మాత్రలకు మనిషి ఇట్లా పడిపోడు, ఇది మెదడుకు వచ్చిన జ్వరమేమో, వెన్నులో సూది దించి నీళ్లు తీసి చూడాలి అంది. మా మామ గోడకు ఆనుకున్నాడు. సూది తెమ్మని ఆమె నర్సుకు చెప్పింది.

అది నేను పుట్టిన ఊరు. ఆ వసారాలో నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. మామ ఎదుట కోడలు గొంతెత్తే రోజులు కావు అవి. చెప్పకపోతే కాగితం చెప్పిన అబద్ధమే నిజమైపోయి, లేని రోగానికి ఆయన వెన్నులో సూది దిగుతుంది. ఉన్న విషం లోపలే ఉండిపోతుంది. చెబితే ఆ ఇంట్లో నాకు చోటుంటుందో లేదో తెలియదు.

"ఆ కాగితంలో ఉండేవి ఆ మాత్రలు కావమ్మా" అన్నాను.

"నీకెట్లా తెలుసు?"

"నేనే మార్చినా. మూడూ కలిపేసి ఎట్లబడితే అట్ల కట్టినా."

"ఎందుకు మార్చినావు?"

చంకలో డబ్బా తీసి ఆమె ముందుకు చాపాను. ఆమె మళ్లీ అడిగింది.

"ఆ రాసింది ఎవరో ఆడమనిషి అనుకున్యా."

మా మామ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. డబ్బా అందుకుని పొట్లాలన్నీ బల్ల మీద గుమ్మరించి, ఒక్కొక్క మాత్రా వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. నాకు ఒకే తెలుపుగా కనిపించినవాటి మీద ఆమెకు సన్నటి గీతలు కనిపించాయి. కొన్ని నిద్రమాత్రలు. పరీక్షల భయంతో నిద్ర పట్టనివాళ్లకోసం ఆ పిల్లకాయలు దాచుకున్నవి. సూది వద్దని చెప్పి, ఆయన గొంతులోకి గొట్టం వేసి కడుపు కడిగారు. ఇంకో పూట చూస్తే గాని ఏ సంగతీ చెప్పలేనంది.

పొద్దు వాలుతుండగా స్నేహితుడు వచ్చాడు. ఎర్రగుంట్లలో కబురు విని, రైలు వదులుకుని, బస్సు పట్టుకుని వచ్చినవాడు. పులివెందుల పక్క పల్లెలో పూజారి గారి కొడుకు. బక్కపలచటి మనిషి, నుదుట బొట్టు చెమటకు కారిపోయి ముక్కు మీదికి వచ్చింది. ఆ పొట్లాలు కట్టింది తనేనని వచ్చీ రాగానే చెప్పేశాడు. డాక్టరమ్మ కళ్లెర్రజేసింది.

"నువ్వు డాక్టరు సదువు యాడ సదివినావు నాయనా?"

"తెలుగు ఎం.ఏ. అమ్మా" అన్నాడు తల దించుకుని.

నర్సు ముఖం పక్కకు తిప్పుకుంది. ఏ రకం మాత్రలు ఎన్నెన్ని ఇచ్చాడో రాసిమ్మని డాక్టరమ్మ కాగితం చేతికిచ్చింది. అతను బెంచీ మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. నేను చూస్తూనే ఉన్నాను. గుండ్రంగా, వరసగా, ఒక్కొక్కటే ఉద్దివడలు.

నా గుండె కుదుటపడి ఉండాలి. పడలేదు. సవతి లేదని తెలిసిన క్షణంలో సిగ్గు వచ్చింది, ఏడుపు వచ్చింది, కుళ్లు మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో మర్నాడు పొద్దున తెలిసింది.

మర్నాడు పొద్దున ఆయన కళ్లు తెరిచాడు. మంచానికి ఒక పక్క నేను, ఇంకో పక్క అతను. ఆయన తల అటు తిరిగింది.

"ఒరే, నువ్వెప్పుడొచ్చినావురా? పరీచ్చో?"

"పరీచ్చ యాడికీ పోదులేప్పా. నువ్వే పోతావనుకున్యా" అని నవ్వబోయి, అతను కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత వంగి అడిగాడు. "మళ్లా ఆ కుడికన్ను ఎనకాలేనా?"

ఆయన అవునన్నట్టు రెప్ప వేశాడు.

కుడికన్ను వెనకాల. పెళ్లయి మూడేళ్లు, ఆయన నొప్పి ఏ పక్క వస్తుందో నాకు తెలియదు. పులివెందుల పూజారి కొడుక్కి తెలుసు. ఆడమనిషైతే జుట్టు పట్టుకునేదాన్ని. ఇతన్ని ఏం చెయ్యను?

ఆ మాట డాక్టరమ్మ చెవిన కూడా పడింది. రెండు రోజుల తర్వాత ఆయన్ను లేపి గోడ మీది అక్షరాల పటం ముందు నిలబెట్టింది. నాలుగో వరస నుంచి ఆయన తడుముకున్నాడు. కావలసింది కంటి అద్దాలు. రెండేళ్లు ఆ నొప్పికి పొట్లాలు మింగుతూ వచ్చాడు, రూమంతా కలిసి వైద్యం చేసుకున్నారు గాని, నీకు కళ్లు ఆనుతున్నాయా అని ఒక్కరూ ఆయన్ను అడగలేదు. మొదటి పరీక్ష పోనే పోయింది. అద్దాలు పెట్టుకుని సెప్టెంబరులో రాసి పాసయ్యాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా మామ ఒకే మాట అన్నాడు: "ఇంట్లో చెప్పే పనిలేదు మ్మే." మా అత్త పోయేదాకా ఆమెకు తెలియదు. ఆయనకు మాత్రం కొన్నాళ్లకు నేనే చెప్పాను. మొదట పగలబడి నవ్వాడు, తర్వాత ఆగి, నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ని గదా అన్నాడు. "అడిగినా. సదువుకునేవాళ్ల నొప్పి అన్యావు" అన్నాను. ఆ రోజు మొదలు, ఒంట్లో ఏ మూల ఏ కాస్త నలతగా ఉన్నా ముందు నాకు చెప్పి తర్వాతే ఇంకొకరికి చెప్పేవాడు.

అక్షరాలు నేర్పిస్తానని ఆయన అప్పుడే పలక తెచ్చాడు గాని, రాత ఎట్లా ఉండాలో చూపడానికి ఆ స్నేహితుడి చేత పై వరస రాయించి తెచ్చాడు. ఆ పలక నేను ముట్టలేదు. ముప్పై దాటాక, మా కూతురు ఒకటో తరగతిలో చేరినప్పుడు, దాని పక్కన కూర్చుని దాని వంకర అక్షరాలు చూసి నేర్చుకున్నాను. నా రాత ఇప్పటికీ వంకరే.

ఆ స్నేహితుడు తర్వాత హైస్కూల్లో తెలుగు అయ్యవారయ్యాడు. ఏడాదికో రెండేళ్లకో వచ్చేవాడు. వస్తే ఇద్దరూ పడసాలలో కూర్చుని ఆ గది సంగతులు చెప్పుకుని చిన్నపిల్లల మాదిరి విరగబడి నవ్వేవాళ్లు. ఎవడో ఒకడు జ్వరం మాత్ర అనుకుని భేది మాత్ర మింగి పరీక్ష హాల్లో నుంచి పరుగెత్తాడట. ఎవడికో జ్వరమొస్తే తక్కినవాళ్లంతా వంతులేసుకుని తడిగుడ్డలు వేశారట. కాఫీలు ఇచ్చి నేను వంటింట్లోకి వచ్చేసేదాన్ని. ఒకసారి అతనే, "నువ్వూ కూచోమ్మా, ఈ ముచ్చట్లు నీకూ తెలియాల గదా" అన్నాడు. పొయ్యి మీద పాలున్నాయన్నాను. పాలు లేవు.

ఆ పిల్లకాయలు చేసింది మంచి పనని నేననను, ఒక ప్రాణం పోబోయింది. కాని ఆ మాత్ర ఒకడి ఇంటి నుంచి వచ్చేది, ఇంకొకడు పొట్లం కట్టేవాడు, మింగినవాడికి ఎలా ఉందో పొద్దున లేస్తూనే అందరూ అడిగేవాళ్లు. ఇంట్లో దాచినా గదిలో దాచలేదు. ఇప్పటి పిల్లలు ఇంట్లోనూ చెప్పరు, గదిలోనూ చెప్పరు. వాళ్ల నొప్పి ఏ పక్కనో తెలిసిన మనిషి ఒక్కరన్నా ఉన్నారో లేరో.

ఆయన పోయినప్పుడు అతను పులివెందుల నుంచి వచ్చాడు. కర్ర పట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చాడు. చాలాసేపు పడసాలలో కూర్చున్నాడు. నాకు అడగాలనిపించింది, ఆ రెండేళ్లు ఆయన ఎట్లా ఉండేవాడు, ఏం తినేవాడు, దేనికి నవ్వేవాడు, నా పేరు ఎప్పుడైనా ఎత్తేవాడా అని. ఆ వయసులో కూడా, ఆ దుఃఖంలో కూడా, నా మొగుడి సంగతి ఈయన్ను నేనడిగేదేంది అనిపించి నోరు మూసుకున్నాను. మరుసటి ఏడు అతనూ పోయాడని కబురొచ్చింది.

నాకిప్పుడు చదువొచ్చు. పేపరు చదువుతాను, పుస్తకాలు చదువుతాను, మందుసీసా మీద సన్నటి అక్షరాలు కూడా అద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంటాను. ఆ రెండేళ్లు మాత్రం ఎక్కడా రాసిపెట్టి లేవు. చెప్పగలిగిన మనిషి మా పడసాలలో కూర్చుని నన్ను కూర్చోమన్నప్పుడు, నేను లేని పాలు పొంగుతున్నాయని లోపలికి పోయాను.